శ్వాసనాళాన్ని కాపాడిన కోత

మన సావనీరులో యుద్ధాల గురించి, పోస్టింగుల గురించి చాలామంది రాశారు. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి రాయపూర్ భన్‌పురిలో స్థిరపడ్డవాణ్ణి, నేను ఛాతీ వార్డు చరిత్ర చెబుతాను.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని పెంచి పెద్దచేశారు. క్షయకు మందులు లేని రోజులవి. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. ఆపైన, ఛాతీలోకి గాలి ఎక్కించి జబ్బు ఊపిరితిత్తిని ముడిచిపెట్టడమే ఆ కాలపు వైద్యం. అదీ పనిచేయకపోతే పక్కటెముకలు తీసేసేవారు. మనిషి బతికినా ఒక పక్క ఛాతీ లొత్తపడిపోయేది.

అయితే జబ్బు శ్వాసనాళానికి పాకిందంటే ఈ ముడిచే పద్ధతి బెడిసికొట్టేది. పుండు మానుతూ మచ్చకట్టి గొట్టం ఇరుకవుతుంది. దాని వెనక ఊపిరితిత్తిని ముడిస్తే కఫం బయటికి రాదు, లోపలే చీము పడుతుంది. చివరికి ఆ వైపు ఊపిరితిత్తి మొత్తం తీసేయాల్సి వచ్చేది.

వేరే దారి తెరుచుకున్నది మనలాంటి యూనిఫాం మనిషి వల్లే! 1947లో ఇంగ్లండు సర్జన్ క్లెమెంట్ ప్రైస్ థామస్ దగ్గరికి రాయల్ ఎయిర్ ఫోర్స్ కేడెట్ ఒకడు వచ్చాడు. అతనికి క్షయ కాదు, శ్వాసనాళంలో గడ్డ. ఊపిరితిత్తి మొత్తం తీస్తే ఇక విమానం నడపనివ్వరు. మెడికల్ కేటగిరీ పడిపోతే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా? అందుకని ఆయన గడ్డ ఉన్న నాళం ముక్కను కోసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. చొక్కా చేతిని మధ్యలో కత్తిరించి అతికినట్టన్నమాట. స్లీవ్ రిసెక్షన్ అనే పేరు అలా వచ్చిందే.

తర్వాత అదే కోత క్షయ మచ్చతో ఇరుకైన నాళానికీ పనికొచ్చింది. కానీ క్రిములు చావకుండా కోస్తే కుట్టు సరిగా మానదు. కాబట్టి ముందు మందులు, ఆ తర్వాతే కత్తి. 1949లో రీవ్ బెట్స్ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఛాతీ సర్జరీ విభాగం మొదలుపెట్టారు. ఇంట్లో మందులు వాడినవాళ్ళూ శానిటోరియం వాళ్ళలాగే కోలుకుంటారని 1959లో మద్రాసు పరిశోధన తేల్చింది. దాంతో కోతల అవసరం బాగా తగ్గింది.

ఇప్పుడు చాలామందికి బ్రాంకోస్కోపు ద్వారా బెలూనుతో నాళాన్ని వెడల్పు చేస్తారు. మచ్చ గట్టిపడి మళ్ళీ మళ్ళీ బిగుసుకుంటేనే కోత. చిక్కల్లా గుర్తుపట్టడంలోనే. ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు, కఫంలో క్రిమి దొరక్కపోవచ్చు. పిల్లికూతలు విని ఆస్తమా అనుకుని ఇన్‌హేలరుతో నెలలు గడిపేస్తారు. భన్‌పురి రోలింగ్ మిల్లుల వైపైతే దుమ్ము మీద నెట్టేస్తారు. ఆ కూత ఛాతీకి ఒకవైపే వినిపిస్తుంటే మాత్రం బ్రాంకోస్కోపీ సంగతి డాక్టరుగారిని అడగాల్సిందే.