ఎలక్ట్రీషియను సంచి: మన ప్రాంతపు పనిముట్ల చరిత్ర

చరిత్ర యనగానే మనకు రాజులు, యుద్ధములు, శాసనములు స్ఫురించుట పరిపాటి. జనసామాన్యము తినిన తిండి, కట్టిన బట్ట, చేసిన పని గూడ చరిత్రయే యని తెలుగువారికి నిరూపించి చూపిన మహనీయుడు సురవరము ప్రతాపరెడ్డిగారు. వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడినది. వారు కీర్తిశేషులైన పిదప 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును పొందినది. ఆ ప్రతాపరెడ్డిగారే 1930లో మన జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. అట్టివారి అడుగుజాడలు పడిన ఈ సంగారెడ్డి ప్రాంతమున ఒక సామాన్యవస్తువు చరిత్రను వ్రాయుట అనుచితము కాదని తలంచుచున్నాను. ఆ వస్తువు ఎలక్ట్రీషియను భుజమున వ్రేలాడు పనిముట్ల సంచి.

ఉదయము షిఫ్టువేళ పటాన్‌చెరులోగాని, ఇస్నాపూరులోగాని, పాశమైలారము దారిలోగాని నిలిచి చూచినచో బస్సులు, ఆటోలు దిగు కార్మికులలో ఎలక్ట్రీషియనును గుర్తుపట్టుట కష్టము కాదు. అతని చేతిలో అన్నపు డబ్బా యుండును. భుజమున బరువైన సంచి యుండును. ఆ సంచిలో కటింగ్ ప్లేయరు, పెద్దవి చిన్నవి రెండు మూడు స్క్రూడ్రైవర్లు, సుత్తె, ఉలి, ఇనుము కోయు రంపము, తీగ తోలు ఒలుచు కత్తి, రెండు పానాలు, ఇన్సులేషన్ టేపు చుట్ట, ఒక తీగకు తగిలించిన బల్బు, చొక్కా జేబులో టెస్టరు ఉండును.

ఈ పనిముట్లను నేలమీద వరుసగా పరచి చూచినప్పుడు ఒక విశేషము గోచరించును. ఇందులో చాలవరకు మన గ్రామములలోని పాత వృత్తులవారివే. సుత్తె, ఉలి, రంపము వడ్రంగివి. ప్లేయరు కమ్మరి పట్టకారునకును, కంసాలి శ్రావణమునకును పుట్టిన బిడ్డ వంటిది. ఒలుచు కత్తి తోలుపనివారి కత్తికి చుట్టము. కరెంటు పనివాడు మొదట ఒట్టిచేతులతో వచ్చి, ఊరిలోని వృత్తులన్నిటినుండి తలా ఒక పనిముట్టును అరువు తెచ్చుకొనెనా అనిపించును. అతని సొంతమని చెప్పదగినది టెస్టరు ఒక్కటియే. దాని ముచ్చట తరువాత చెప్పుదును.

ప్లేయరు విద్యుద్దీపములకంటె ముందు పుట్టినది. టెలిగ్రాఫు తీగలు లాగినవారు మొదట దానిని వాడిరి. 1857లో అమెరికాలోని చికాగో నగరమున మథయాస్ క్లైన్ అను కమ్మరి యొద్దకు ఒక టెలిగ్రాఫు లైనుమను విరిగిన ప్లేయరు సగమును పట్టుకొని వచ్చెనట. క్లైన్ క్రొత్త సగమును కాచి, సాగగొట్టి, పాత సగమునకు బిగించి యిచ్చెను. కొన్నాళ్ళకు ఆ పాత సగము గూడ విరుగగా, దానికి బదులు గూడ అతడే చేసి యిచ్చెను. ఆ విధముగా లోకప్రసిద్ధమైన ఒక పనిముట్ల పరిశ్రమ ఆరంభమైనదని చెప్పుదురు. పట్టుట, మెలివేయుట, కత్తిరించుట అను మూడు పనులను ఒక్క చేతితో జరుపగల యీ పరికరము రూపము నాటినుండి నేటివరకు పెద్దగా మారలేదు. మారినది పిడి. టెలిగ్రాఫు తీగ పనివానికి ఒట్టి ఇనుప పిడి చాలినది. ఇండ్లలోనికి 230 వోల్టుల విద్యుత్తు వచ్చిన పిదప ఆ పిడికి రబ్బరు తొడుగు, అనంతరము ప్లాస్టిక్ తొడుగు వచ్చినవి.

మన ప్రాంతమునకు విద్యుత్తు హైదరాబాదు దిక్కునుండి వచ్చినది. నిజాము రాజ్యమున విద్యుచ్ఛాఖ 1910లో ఏర్పడినది. హుస్సేన్‌సాగరు గట్టున బొగ్గుతో నడుచు విద్యుత్కేంద్రము 1920లో పని నారంభించినది. నేడు ఆ కేంద్రము లేదు. ఆ కాలపు ఇండ్లలో గోడమీద టేకు పట్టీలు బిగించి, వానిమీద తీగలను క్లిప్పులతో అదిమి నడిపెడివారు. కావున ఆనాటి ఎలక్ట్రీషియను సగము వడ్రంగి. పట్టీలు కోయుటకు రంపము, చెక్కకు తూట్లు పొడుచుటకు బరమా, గోడకు బెజ్జము చేయుటకు ఉలి అతనికి తప్పనిసరి. ఆ బెజ్జములో ‘గిట్టీ’ యని పిలుచు చెక్క బిరడాను దిగగొట్టి, దానిలో స్క్రూ బిగించెడివాడు. ఇంగ్లండులో రాలింగ్సు అను నతడు 1911లో గోడలోనికి తొడుగు బిరడాను కనిపెట్టినను, మన మేస్త్రీలు చాలకాలము తమ చెక్క బిరడాలను తామే చెక్కుకొనిరి.

తరువాత తీగలు గోడలోపలి గొట్టములలోనికి పోయినవి. టేకు పట్టీలతోబాటు చెక్క రంపము, బరమా సంచినుండి దిగిపోయినవి. వాని స్థానమున గొట్టము కోయు రంపము, గొట్టములో తీగను లాగు ఉక్కు స్ప్రింగు, గోడ తొలుచు డ్రిల్లింగు యంత్రము చేరినవి. అమెరికాలో 1936లో ఫిలిప్సు పేరిట హక్కు పొందిన నాలుగు పలకల స్క్రూ వ్యాపించినపిమ్మట ‘స్టార్’ స్క్రూడ్రైవరు గూడ రావలసి వచ్చినది. మొదట మేలైన పనిముట్లన్నియు విదేశములనుండి దిగుమతి యగుచుండెడివి. 1969లో నాసిక్‌లో తపారియా సంస్థ స్వీడను దేశపు సహకారముతో చేతిపనిముట్ల తయారీ నారంభించినది. అట్టి స్వదేశపు సరకు దొరకుటతో సామాన్య కార్మికుడు గూడ మంచి ఉక్కు ప్లేయరును కొనగలిగెను.

పరిశ్రమలు వచ్చి ఈ సంచిని మరింత బరువెక్కించినవి. 1959 ఏప్రిలు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడినది. 1960వ దశకమున రామచంద్రాపురములో చెకోస్లొవేకియా సహకారముతో భారీ విద్యుత్పరికరముల కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరున ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ స్థాపితమైనది. ఆ దశకమునందే పటాన్‌చెరు పరిశ్రమల వాడగా మారనారంభించి, క్రమముగా బొల్లారము, పాశమైలారము, బొంతపల్లి వరకు కర్మాగారములు విస్తరించినవి. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము ఏర్పడినది. గోడకు బల్బు తగిలించు పనివాడు ఇప్పుడు మూడు ఫేజుల మోటార్లకును, స్టార్టర్లకును, ప్యానెళ్ళకును సమాధానము చెప్పవలసివచ్చెను. సంచిలో పానాల సంఖ్య పెరిగినది. తీగను కోయకుండ, దాని చుట్టు దవడవలె పట్టి ప్రవాహమును కొలుచు టాంగ్ టెస్టరు వచ్చినది. మోటారు చుట్ల ఇన్సులేషను ఎంత గట్టిగా నున్నదో చూపు మెగ్గరు వచ్చినది. 1903లోనే ఇంగ్లండున నమోదైన ఈ పేరు, నేడు మన పల్లెలలో మోటార్లు చుట్టువారి నోట గూడ తెలుగు మాటవలె వినవచ్చును.

రసాయనముల, మందుల కర్మాగారములలో పని యింకను సున్నితమైనది. మండు ద్రావకముల ఆవిరి నిండిన చోట ఒక్క నిప్పురవ్వ చాలును. అందుచే అచ్చట రవ్వలు రాల్చని, రాగి కలిపిన లోహపు పానాలను, సుత్తెలను వాడవలయును. అవి ఉక్కుకంటె మెత్తనివి, త్వరగా అరుగును, వెల యెక్కువ. స్విచ్చులును, తీగల జోడింపులును ‘ఫ్లేమ్‌ప్రూఫ్’ అను బరువైన పెట్టెలలో నుండును. ఆ పెట్టె ఆవిరిని లోపలికి రానీయదని కొందరు భ్రమపడుదురు. ఆవిరి లోపలికి రావచ్చును, అచ్చట అంటుకొనవచ్చును గూడ. కాని పెట్టెకును మూతకును నడుమనున్న సన్నని సందులోనుండి వెలువడులోపల ఆ మంట చల్లారిపోవును. ఒక్క బోల్టు బిగింపక విడిచినను, మూత రాలేదని స్క్రూడ్రైవరుతో పెకలించి ఆ నునుపైన అంచును గీచినను, సందు పెరిగి మంట వెలుపలికి వచ్చును. ఒక పనిముట్టుకు బదులు మరొకదానిని వాడుట ఇంటిలో చిన్న తప్పు కావచ్చును. అచ్చట అది పదిమంది ప్రాణములతో ఆట.

ఇక టెస్టరు మాట. పారిస్ నగరమున జార్జి క్లాద్ 1910లో ప్రదర్శించిన నియాన్ దీపమునకు ఇది చిట్టి మనుమరాలు. దాని పిడిలో గోరంత నియాన్ బుడ్డియు, దానితో వరుసగా పదిలక్షల ఓముల ప్రాంతపు నిరోధకమును ఉండును. కొనను తీగకు ఆనించి, వెనుకనున్న లోహపు బిళ్ళను వ్రేలితో తాకినచో, విద్యుత్తు మన శరీరముగుండా నేలకు చేరి బుడ్డిని వెలిగించును. ఆ ప్రవాహము ఒక మిల్లీ ఆంపియరులో నాలుగవ వంతునకు మించదు గనుక మనకు తెలియనైన తెలియదు. వడ్రంగికిగాని, కమ్మరికిగాని ఇట్టి పనిముట్టుతో పనిలేదు. వారి ఎదుటి వస్తువు కంటికి కనబడును. కంటికి కనబడని దానితో పనిచేయువానికి అది కన్ను.

కాని ఆ కన్ను ఒక్కొక్కప్పుడు మోసగించును. లోపలి బుడ్డి పగిలినను, కాలిక్రింద పొడిచెక్క యున్నను, మిట్టమధ్యాహ్నపు ఎండలో చూచినను వెలుగు కానరాదు. వెలుగులేదు గనుక కరెంటు లేదని చేయిపెట్టినవాడు తిరిగి యింటికి రాకపోవచ్చును. అందుచేత అనుభవజ్ఞులైన మేస్త్రీలు శిష్యులకు మొదట నేర్పు పాఠ మిది: కరెంటు ఉన్నదని తెలిసిన చోట టెస్టరును ముందు పరీక్షింపుము, పిదప పనిచేయవలసిన తీగను పరీక్షింపుము, మరల తెలిసిన చోటికి వచ్చి పరీక్షింపుము. ఈ మూడు మాటలు కర్మాగారమునకే గాదు, చేనిలో బోరుమోటారు స్టార్టరు పెట్టెను తెరచు రైతునకు గూడ వర్తించును. తడినేలమీద నిలిచి, వట్టి చేతులతో ఫ్యూజు వేయబోవు రైతుసోదరులు ఈ వాక్యములను మరియొకమారు చదువ ప్రార్థన.

సంచి ఎవరి సొమ్ముతో నిండవలయునను ప్రశ్న గూడ కలదు. విద్యుత్ లైనుమీదను, పరికరముమీదను పనిచేయు ప్రతివానికి చేతితొడుగులు, రబ్బరు పాదరక్షలు, నిచ్చెన, టెస్టరు, చేతిపనిముట్లు సమకూర్చవలయుననియు, వానిని మంచి స్థితిలో నుంచవలయుననియు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటించిన భద్రతా నిబంధనలలో కలదు. ‘సమకూర్చవలయును’ అను మాటను గమనింపుడు. పనివాడు కొనుక్కొనవలయునని అందు లేదు. అయినను గుత్తేదారు క్రింద దినకూలికి పనిచేయు పలువురు తమ సంచిని తామే నింపుకొనుచున్నారు. ఐ.టి.ఐ.లో రెండేండ్లు చదివి వచ్చిన మన బిడ్డడైనను, ఒడిషా, బీహారు రాష్ట్రములనుండి వచ్చిన సోదరుడైనను మొదటి జీతముతో కొనునది తరచు ప్లేయరే. పిడి తొడుగు పగిలినప్పుడు క్రొత్తది కొనక టేపు చుట్టి వాడుట గూడ లేమివలన కలుగు అలవాటే. టేపు చుట్టిన పిడి చూపునకు బాగుండును. వోల్టులకు అడ్డు నిలుచునను పూచీ లేదు.

సంచి వస్త్రము గూడ కాలముతో మారినది. నాడు గోనెసంచి, తరువాత కాన్వాసు, నేడు రెక్సిను, నైలాను. నిచ్చెన యెక్కువానికి మేలైనది నడుముపట్టీకి తగిలించు తోలు తిత్తి. రెండు చేతులు ఖాళీగా నుండును. ఏ అరలో ఏమున్నదో చూడకయే వ్రేళ్ళకు తెలియును. క్రింద నిలిచినవాని తలపై సుత్తె పడదు.

దసరానాడు ఈ సంచిలోని వస్తువులన్నియు బయటికి వచ్చును. వానిని తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, ఆయుధపూజ చేయుదురు. ఉత్తరదేశపు కార్మికులు సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ చేయుదురు. పూజకై తుడుచునప్పుడే ప్రతి పిడిని త్రిప్పి చూచి, పగిలినదానిని వేరుచేయు ఆచారమును గూడ మన యువకులు చేర్చుకొందురుగాక.

ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకు ఒక విన్నపముతో ముగించుచున్నాను. టేకు పట్టీల కాలమునాటి బరమాలు, చెక్క బిరడాలు, పాత టెస్టర్లు ఇంకను కొందరు వృద్ధ మేస్త్రీల అటకలమీద గలవు. పాతసామానువానికి తూకమున పోకముందే వానిని సేకరించి, పేర్లు వ్రాసి, పుస్తకముల బీరువాప్రక్కన ఒక అరలో నుంచవలయును. ఆ అరపైన టెస్టరును ముమ్మారు పరీక్షించు పద్ధతిని పెద్ద అక్షరములతో వ్రాసి తగిలించినచో, చదువరి చరిత్రను చూచును. ఆ చదువరి తమ్ముడో, కుమారుడో ప్రాణములతో ఇల్లు చేరును.