తెలుగు రేడియోలో బాలగానం

తెలుగు రేడియో తొలినాళ్లలో బాలలు, యువ గాయనీగాయకులు పాడిన పాటల తీరు లలిత సంగీతంతో కలిసి పెరిగింది. స్పష్టమైన పలుకు, మితమైన గమకం, పక్కన కూర్చున్నవారికి చెబుతున్నంత మెత్తని గొంతు దీని ప్రధాన లక్షణాలు.

తొలి గొంతులు

ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. అప్పటికే గ్రామఫోను, సినిమా రంగాలు బాలగాయకులను ఆదరిస్తున్నాయి. 1928లో జన్మించిన రావు బాలసరస్వతీదేవి ఆరేళ్ల వయసులోనే రికార్డుకు పాడారు. 1936 నాటి ‘సతీ అనసూయ’లో బాలనటిగా కనిపించారు. తర్వాత రేడియో లలితగీతాలకు ఆమె గొంతే గుర్తుగా నిలిచింది. టంగుటూరి సూర్యకుమారి కూడా బాల్యంలోనే సినిమాల్లోకి వచ్చి, దేశభక్తి గీతాలతో ఇంటింటికీ పరిచయమయ్యారు. 1941లో మద్రాసు కేంద్రంలో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు రచయితగా, స్వరకర్తగా లలిత సంగీతానికి దారి వేశారు.

బాలానందం

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాలానందం’ వంటి పిల్లల కార్యక్రమాలు నడిపి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలయ్యారు. మొదట మద్రాసు నుంచి, తర్వాత హైదరాబాదు నుంచి ఎందరో పిల్లలను మైకు ముందుకు తెచ్చారు. 1945లో ‘బాల’ పత్రికను స్థాపించారు. పిల్లల పాట పిల్లల నోటనే వినిపించాలన్న వారి పట్టుదల తెలుగు బాలసాహిత్యానికి గొప్ప మేలు చేసింది.

గానశైలి

వేదిక మీద చివరి వరుసకు వినబడేలా గొంతెత్తాలి. మైకు ఆ అవసరాన్ని తీసేసింది. నెమ్మదిగా పాడినా చాలు; అయితే నలిగిన ఒత్తు, తడబడిన అక్షరం కూడా అంతే స్పష్టంగా వినిపిస్తాయి. తొలి ప్రసారాలు ఎక్కువగా ప్రత్యక్షంగా సాగేవి కాబట్టి తప్పు దిద్దుకునే వీలుండేది కాదు. పైగా 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. దాంతో పాడేవారికి హార్మోనియం ఆసరా లేకుండా పోయింది.

నేర్చుకునే పద్ధతి

విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. అక్కడి నుంచి వోలేటి వెంకటేశ్వర్లు నిర్వహించిన సంగీత శిక్షణ, ఆకాశవాణి ‘ఈ మాసపు పాట’ ఇంటిని పాఠశాలగా మార్చాయి. గురువు ఒక పాదం పాడితే స్టూడియోలోని శిష్యులు, రేడియో ముందు కూర్చున్న శ్రోతలు తిరిగి పాడేవారు. సాహిత్యం నోటు పుస్తకంలోకి, వరుస మనసులోకి చేరేది.

నేడు ఈ శైలి నేర్చుకునేవారు ముందుగా పాటను వచనంలా చదివి, అర్థం విరగని చోట ఊపిరి తీసుకోవడం సాధన చేయాలి. తర్వాతే వరుస పట్టుకోవాలి. పాత 78 ఆర్‌పీఎం రికార్డుల్లో గొంతు సన్నగా, ముక్కుతో పలికినట్లు వినిపించడానికి ఆనాటి యంత్రాల పరిమితి కొంత కారణం. రికార్డు వేగం మారితే శ్రుతీ మారుతుంది. అందువల్ల ఆ సన్నదనాన్ని తెచ్చిపెట్టుకోనక్కరలేదు. తనకు అమరిన శ్రుతిలో పాడుతూ, ప్రతి మాటా వినేవారి చెవికి చెక్కుచెదరకుండా చేరేలా చూసుకుంటే ఆ బాణీ పట్టుబడుతుంది.