ఒకే ఆకు, పెక్కు రుచులు

ఆకుపచ్చ తేనీటిని, నల్ల తేనీటిని ప్రక్కప్రక్కన ఉంచి రుచి చూచినచో, అవి రెండును వేర్వేరు మొక్కలనుండి వచ్చినవని తోచుట సహజము. ఐరోపా పండితులు సైతము చాలకాలము అట్లే తలచిరి. సుప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో తేయాకు మొక్కను ఒకే జాతిగా పేర్కొనెను. కాని 1762లో పూరేకుల సంఖ్యనుబట్టి దానిని 'థియా విరిడిస్', 'థియా బోహియా' అని రెండుగా విభజించెను. మొదటిది ఆకుపచ్చ తేయాకును, రెండవది నల్ల తేయాకును ఇచ్చునని పలువురు నమ్మిరి. చైనా దేశపు లోపలి తోటలలోనికి విదేశీయులకు ప్రవేశము లేకుండుటచే ఆ నమ్మకమును పరీక్షించుట కష్టమయ్యెను.

1843లో రాబర్ట్ ఫార్చ్యూన్ అను స్కాట్లండు దేశీయుడు లండన్ ఉద్యానశాస్త్ర సంఘము తరపున చైనాకు వెళ్ళెను. నల్ల తేయాకు తయారగు ఫూచౌ కొండలపై బోహియా మొక్కలు కనబడునని అతడు ఎదురుచూచెను. కాని అచ్చట పెరుగుచున్నది, ఉత్తరపు జిల్లాలలో ఆకుపచ్చ తేయాకు నిచ్చు మొక్కయే! భేదము మొక్కలో లేదనియు, తయారుచేయు పద్ధతిలోనే ఉన్నదనియు 1847లో ప్రకటించిన గ్రంథములో అతడు తెలియజేసెను.

1848లో ఈస్టిండియా కంపెనీ, హిమాలయ ప్రాంతపు తోటలకు మొక్కలను, విత్తనములను, పనివారిని తెచ్చుటకై అతనిని మరల పంపెను. చైనీయుని వేషములో లోపలి ప్రాంతములకు వెళ్ళిన ఫార్చ్యూన్‌కు అక్కడ మరొక వింత కనబడెను. ఎగుమతికై వేయించుచున్న ఆకుపచ్చ తేయాకుపై పనివారు ప్రషియన్ నీలము, జిప్సం కలిపిన పొడిని చల్లుచుండిరి. వారి చేతులు నీలివర్ణముగా మారియుండెను. చూపునకు ఇంపైన సరకును పాశ్చాత్యులు కోరుటయే దీనికి కారణము. చైనీయులు ఆ రంగు తేయాకును త్రాగరు. అట్టి 100 పౌనుల తేయాకులో అర పౌనుకు మించి ఈ పొడులు ఉండునని ఫార్చ్యూన్ లెక్కించెను.

మరి ఒకే ఆకు రెండు రుచుల నెట్లు ఇచ్చును? కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడుట మనమెరిగినదే. తేయాకులోను అట్టి ఎంజైము కలదు. ఆకును వాడ్చి నలిపినప్పుడు ఆ ఎంజైము సహాయముతో కాటెకిన్‌లు ఆక్సిజనుతో కలిసి, ఎరుపు గోధుమ వన్నె గల పదార్థములుగా మారును. ఇదియే నల్ల తేయాకు. కోసిన వెంటనే ఆకును వేడిచేసినచో ఎంజైము నశించి, ఆకుపచ్చదనము నిలుచును. ఈ చర్యను నడుమ ఆపినచో ఊలాంగ్ తేయాకు లభించును. తయారైన ఆకును మల్లెపూలతో కలిపియుంచినచో అది పరిమళమును పీల్చుకొనును.

తేయాకులను పోల్చుటకు 1980లో ఒక అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడినది. దాని ప్రకారము 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు వేసి, 6 నిమిషములు ఉంచవలెను. తక్కినవన్నియు సమానముగ నున్నప్పుడే రుచిలోని భేదము ఆకుదని చెప్పవచ్చును. వన్నెనుబట్టి నిర్ణయించినవారు మొక్క విషయమునను, సరకు విషయమునను మోసపోయిరి. పరీక్షించి చూచినవారికే నిజము తెలిసినది.