వేషము గట్టిన బాలురు



మన కోనసీమయందు సంక్రాంతి పండుగనాళ్లలోను, అంతర్వేది తీర్థపు దినములలోను, గ్రామదేవత జాతరలయందును రాత్రిపూట నాటకమాడుట చిరకాలముగా వచ్చిన వాడుక. మీలో పలువురు చిన్నతనమున తాటాకుల పందిరిక్రింద చాప పఱచుకొని తెల్లవాఱువఱకు నాటకము చూచినవారే. మొగమునకు అర్దళము పూసికొని, సవరము తగిలించుకొని రంగమెక్కినవారును కొందఱుందురు. ఆ ముచ్చట చెప్పునప్పుడు పెద్దల ముఖములు వికసించును. కాని మనుమడు వచ్చి, “తాతయ్యా, బడిలో నాటకమాడుచున్నారు, నేనును వేషము వేసెదను” అనెనేని, “చదువు చెడిపోవునురా” అను మాట ముందుగా నోటికి వచ్చును. తనకు ముచ్చటయైనది మనుమనికి ముప్పెట్లయినది? ఈ సందేహమును చరిత్ర నడిగి చూతము.

పూర్వము వేషము కట్టుట కులవిద్యగా నుండెను. యక్షగానములు, వీధినాటకములు, కలాపములు ఆడువారు తరతరములుగా ఆ విద్యనే నమ్ముకొన్నవారు. వారి బిడ్డలు తండ్రుల వెంబడి తిరుగుచు, కాగడాల వెలుతురున తాళము, పదము, అడుగు నేర్చుకొనుచుండిరి. బడికిపోవు పిల్లవాడు వేషము కట్టుట అనునది నాటి గృహస్థులకు తోచని సంగతి. ఆ గోడను పడగొట్టినవాడు బడిపంతులే యనుట వింతగానుండును గాని యది నిజము.

1880వ సంవత్సరమున రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముపంతులుగారు పాఠశాలలో తెలుగు పండితులుగా నుండిరి. వారు న్యాయస్థానములలో జరుగు మోసములను బయటపెట్టుటకై “వ్యవహార ధర్మబోధిని” యను నాటకము వ్రాసి, తమ విద్యార్థులచేతనే దానిని ఆడించిరి. ఆధునిక రీతిని రంగస్థలముపై తెలుగువారు ఆడిన తొలి నాటకముగా దీనిని చెప్పుదురు. పంతులుగారు జన్మించిన ఏప్రిల్ 16వ తేదీని తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుట యిందువలననే. మన ఆధునిక నాటకరంగమునకు తొలి నటులు జీతగాండ్రు కారు, కళావంతులు కారు. పుస్తకములు చేతబట్టుకొని బడికి పోవుచుండిన పిల్లలు.

ఆ పిల్లల స్థితిని ఒక్కింత యోజింపుడు. ఊరిలో ప్లీడర్లన్న మిక్కిలి గౌరవము. పిల్లల తండ్రులు తమ కుమారుడును ప్లీడరు కావలెనని కోరుచుండిన కాలమది. అట్టి యూరిలో వారి లంచగొండితనమును, కూటసాక్ష్యములను నలుగురియెదుట నవ్వులపాలు చేయుట పదునైదు పదునాఱేండ్ల బాలురకు సామాన్యమైన సాహసమా? పద్యము వల్లించి యొప్పగించుటతో సరిపోదు. ఒకనివలె నడచి, ఒకనివలె మాటలాడి, వాని తప్పును లోకమునకు చూపవలెను. పాఠములో చదివిన నీతికిని, నోటితో పలికి యొడలితో చూపిన నీతికిని గల భేదము వారికి ఆ రాత్రి తెలిసియుండును.

తరువాత పదియేండ్లకు లోపుననే ఆ పట్టణముననే మఱియొక కథ జరిగినది. ఒంగోలున తండ్రి పోయిన పిల్లవాడొకడు, పూటకూళ్ల యిల్లు నడుపుచు బిడ్డలను పోషించు తల్లియొద్ద పెరుగుచుండెను. అక్కడి మిషను పాఠశాలలో ఉపాధ్యాయులగు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు వానిని చేరదీసి, తాము రాజమహేంద్రవరమునకు వచ్చునప్పుడు వెంట తెచ్చుకొనిరి. నాయుడుగారికి చదువెంతయో నాటకమంతయే ప్రీతి. వారి సమాజముకొఱకు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు 1889లో “కీచకవధ” వ్రాసిరి. పిదప “గయోపాఖ్యానము” వ్రాసిరి. ఆ నాటకములో అర్జునుని వేషము వేసినవాడు ఆ పూటకూళ్లమ్మ కుమారుడే. ఆయన పేరు టంగుటూరి ప్రకాశము. 1872లో పుట్టిన ఆ బాలుడు స్త్రీవేషములును, పురుషవేషములును వేసెను; ప్లీడరై, పిమ్మట సీమకుపోయి బారిష్టరై, 1946లో మదరాసు రాజధానికి ప్రధానియై, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యయ్యెను. నాటకమువలన ఆయన ఇంతవాడయ్యెనని నేననను. కాని వేలమంది యెదుట జంకక నిలిచి గొంతెత్తు నలవాటు రంగస్థలముపై ఆరంభమైనదనుట అతిశయోక్తి కాదు. చదువు విషయమున వానిని కనిపెట్టియుండిన గురువే నాటకమునందును గురువై యుండుట ఇందు గమనింపదగినది.

ఇక స్త్రీవేషముల సంగతి. ఆ రోజులలో గృహస్థుల యాడపిల్లలు రంగమెక్కుట లేదు గనుక, మీసము రాని బాలురే సీతలు, ద్రౌపదులు, చంద్రమతులు కావలసివచ్చెను. ఇది మన దేశముననే కాదు. ఇంగ్లండుదేశమున షేక్‌స్పియరు కాలమునను స్త్రీపాత్రలు బాలురే ధరించిరి. అక్కడ 1660 తరువాతగాని స్త్రీలు రంగముపైకి రాలేదు. మనయందు 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామమున వనారస కుటుంబమువారు “కీచకవధ” ఆడి సమాజము స్థాపించినది మొదలు, వారి యింటి స్త్రీలే స్త్రీపాత్రలు ధరించుట మొదలిడిరి. సురభివారి పిల్లలు తెఱచాటున పుట్టి, మాటలు వచ్చుటతోడనే కృష్ణుడుగనో, ప్రహ్లాదుడుగనో, లోహితాస్యుడుగనో రంగమెక్కుదురు.

స్త్రీవేషము వేసిన బాలునికి రెండు కష్టములు. మొదటిది గొంతు. ఆఱు శ్రుతులలో పాడిన పిల్లవానికి ఒకనాడు గొంతు పగులును; నిన్న “వన్సుమోరు” లన్నవారే నేడు నవ్వుదురు. రెండవది లోకుల నోరు. రాత్రి చంద్రమతి శోకమునకు కన్నీరు కార్చినవారే పగలు వానిని వీధిలో చూచి వెక్కిరింతురు. మొదటి కష్టము దైవము పెట్టినది. రెండవది మనము పెట్టినది.

ఇక మన సీమకే వత్తము. కొత్తపేటకు సమీపమున రావులపాలెము చెంత రావులపాడను గ్రామము కలదు. అక్కడ 1910లో పుట్టినవాడు రేలంగి వెంకటరామయ్య. 1919లోనే “బృహన్నల” నాటకమున స్త్రీవేషముతో రంగమెక్కి, పిమ్మట కాకినాడలోని యంగుమెన్సు హ్యాపీ క్లబ్బులో నాటకములాడెను. పేరును బట్టియే అది యువకుల సమాజము. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు మొదలగువారు అక్కడ నాటకములాడినవారే. 1935లో రేలంగి “శ్రీకృష్ణ తులాభారము” చలనచిత్రమున ప్రవేశించి, తరువాత ఎన్నియో యేండ్లు చిన్న వేషములతో కాలక్షేపము చేసి, కడకు తెలుగువారందఱిని నవ్వించిన నటుడై, 1970లో పద్మశ్రీ బిరుదమందెను. కొత్తపేట సీమ పిల్లవాడు పొందిన ఈ గౌరవమునకు తొలి మెట్టు తొమ్మిదేండ్ల వయసున కట్టిన ఆడువేషము.

1936లో కాకినాడ వాస్తవ్యులగు చిత్తజల్లు పుల్లయ్యగారు కేవలము పిల్లలచేతనే “సతీ అనసూయ”, “ధ్రువవిజయము” అను చిత్రములను కలకత్తాలో తీసిరి. పిల్లలు పెద్దవారి పాత్రలను పోషింపగలరని దేశమునకు అప్పుడు తెలిసినది. అందు అనసూయగా నటించిన బాలిక కృష్ణవేణి అంతకుముందు నాటకములాడిన పిల్లయే.

అయ్యలారా, పేరు వచ్చినవారి కథలే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. నాటక సమాజముల వెంబడి పడవలెక్కి కాలువల వెంట ఊరూరు తిరిగి, చదువు పోగొట్టుకొని, గొంతు పోయిన పిమ్మట దిక్కులేక యింటికి మఱలిన బాలురు ఎందఱో యుందురు. వారి పేర్లు చరిత్రకెక్కవు. కావున “చదువు చెడిపోవును” అను తాతగారి భయము వట్టి భయము కాదు. కాని పైకథలను మఱల తలపోయుడు. వీరేశలింగముగారి పిల్లలకు గురువు తోడుండెను. ప్రకాశమునకు నాయుడుగారు తోడుండిరి. సురభి పిల్లలకు తల్లిదండ్రులే తోడుండిరి. చెడినవారు నాటకమువలన చెడలేదు. పెద్దదిక్కు లేక చెడిరి.

కనుక మనుమడు వేషము వేసెదనన్ననాడు వలదనకుడు. ఏ నాటకమో, ఎవరు నేర్పుచున్నారో, ఎన్ని రాత్రులు మేల్కొనవలెనో విచారింపుడు. పాఠములు చదివిన పిదప పద్యము వల్లింపుమనుడు. ఇప్పుడాడపిల్లలును బడులలో నాటకములాడుచున్నారు. వారికిని ఈ మాటయే. నాటకమునాడు ముందువరుసలో మీరు కూర్చుండుడు. పిల్లవాడు మాట మఱచి తడబడినచో నవ్వకుడు. తెఱ వాలిన పిదప ఇంటికి నడచివచ్చునప్పుడు మీరు చిన్ననాడు వేసిన వేషమేదో వానికి చెప్పుడు. పెద్దలు ముందుగూర్చున్న నాటకమునకు అపకీర్తి రాదు. వారు పరాఙ్ముఖులైననాడు మాత్రమే పిల్లలు చీకటిలో ఆడుదురు.