క్రికెట్‌లో కాలయాపన: నియమాలు, శిక్షలు, తెలుగునేలతో ముడిపడిన ఉదాహరణలు

వ్యాససంగ్రహం:
క్రికెట్‌లో కాలాన్ని ఎవరు కొలవాలి, ఆలస్యానికి ఎవరు మూల్యం చెల్లించాలి అన్న ప్రశ్నలు ఆట నియమావళి అంత పాతవి. గంటకు వేయవలసిన ఓవర్లు తగ్గడం, కావాలని కాలయాపన చేయడం, ఓటమి తప్పించుకోవడానికి ఓపికగా బ్యాటింగ్ చేయడం అనేవి మూడూ ఒకటి కావు. ఈ భేదాన్ని వివరిస్తూ, శిక్ష కెప్టెన్ నుంచి జట్టుకు, జరిమానా నుంచి ఆట ఫలితానికి మారిన క్రమాన్ని తెలుగు ఆటగాళ్ల, విశాఖపట్నం మైదానపు ఉదాహరణలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్రికెట్, ఓవర్‌రేట్, కాలయాపన, జరిమానా, కోనసీమ, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం:
కోనసీమలోని ముక్తేశ్వరం రేవులో గౌతమిని దాటితే కోటిపల్లి. ఆ ఒడ్డున ఒకవైపు ఆలమూరు, మరొకవైపు కాకినాడ ఉన్నాయి. ఆలమూరులో 1969లో పుట్టిన వెంకటపతిరాజు భారతజట్టుకు ఎడమచేతివాటం స్పిన్నర్‌గా 28 టెస్టులు ఆడి 93 వికెట్లు తీశాడు. కాకినాడలో 1993లో పుట్టిన హనుమ విహారి బ్యాట్స్‌మన్‌గా టెస్టుజట్టులో చోటు సంపాదించాడు. ఒకరు బంతితో పరుగులను ఆపి, మరొకరు బ్యాటుతో ఓటమిని ఆపి పేరు తెచ్చుకున్నారు. ఇద్దరి ఆటలోనూ పరుగులు నెమ్మదిగా వచ్చాయి. అయినా ఇద్దరినీ కాలయాపన చేశారని ఎవరూ అనలేదు. దీనిని బట్టి పరుగుల వేగం వేరు, ఓవర్ల వేగం వేరు అని తెలుస్తుంది. ఈ చర్చకు ఆ భేదమే ప్రాతిపదిక.

2. కాలనియమం - పుట్టుక, పరిణామం:
1744లో ఇంగ్లండ్‌లో లిఖితరూపం పొందిన తొలి నియమావళిలోనే కాలపరిమితి ఉంది. ఒకరు ఔటైతే తరువాతి ఆటగాడు రావడానికి రెండు నిమిషాలు, ఇన్నింగ్స్‌ల మధ్య పది నిమిషాలు అంపైర్లు అనుమతించాలి. అప్పటి ఓవర్‌కు నాలుగు బంతులే. ఇంగ్లండ్‌లో అది 1889లో అయిదు బంతులు, 1900లో ఆరు బంతులు అయింది. ఆస్ట్రేలియాలో 1978-79 వరకు ఎనిమిది బంతుల ఓవర్ కొనసాగింది. కాబట్టి వేర్వేరు కాలాల ఓవర్‌రేట్లను పోల్చేటప్పుడు ఓవర్ల సంఖ్యతోపాటు బంతుల సంఖ్యనూ చూడాలి.

సకాలంలో క్రీజుకు రాని బ్యాట్స్‌మన్‌ను ఔట్‌గా ప్రకటించే పద్ధతికి 1980 నియమావళి 'టైమ్డ్ ఔట్' పేరుతో ప్రత్యేక స్థానం ఇచ్చింది. 2000 నియమావళిలో అయిదు పెనాల్టీ పరుగుల విధానం వచ్చింది. 2017 నియమావళిలో 41వ నియమం ప్రకారం ఫీల్డింగ్ జట్టు కాలయాపన చేస్తే అంపైర్ మొదట హెచ్చరిస్తాడు. అది పునరావృతమైతే, ఓవర్ల మధ్య జరిగినప్పుడు ప్రత్యర్థికి అయిదు పరుగులు ఇస్తాడు. ఓవర్ నడుస్తుండగా జరిగినప్పుడు ఆ బౌలర్‌ను బౌలింగ్ నుంచి తప్పిస్తాడు. 2023 నవంబరు 6న ఢిల్లీలో జరిగిన ప్రపంచకప్ మ్యాచ్‌లో శ్రీలంక ఆటగాడు ఏంజెలో మాథ్యూస్ అంతర్జాతీయ క్రికెట్‌లో టైమ్డ్ ఔట్ అయిన తొలి వ్యక్తి. ఆ పోటీలో అమలైన పరిమితి కూడా రెండు నిమిషాలే.

3. నిదానం - కాలయాపన:
హైదరాబాద్ ఆటగాడు ఎం.ఎల్. జయసింహ 1960 డిసెంబరులో కాన్పూర్‌లో పాకిస్తాన్‌పై ఎనిమిది గంటలకు పైగా ఆడి 99 పరుగుల వద్ద రనౌట్ అయ్యాడు. ప్రేక్షకుడికి అది విసుగు కలిగించవచ్చు. కానీ అక్కడ ప్రతి బంతీ పడింది. వికెట్ తీసే అవకాశం బౌలర్‌కు ప్రతి బంతిలోనూ ఉంది. వెంకటపతిరాజు 1990 నవంబరులో చండీగఢ్‌లో శ్రీలంకపై 17.5 ఓవర్లు వేసి, 13 మెయిడెన్లతో, 12 పరుగులకే ఆరు వికెట్లు తీశాడు. అక్కడ పరుగులు ఆగాయి కాని ఆట ఆగలేదు. నాలుగడుగుల పరుగుతో బంతి వేసే స్పిన్నర్ ఓవర్‌ను త్వరగా ముగిస్తాడు. బౌలింగ్ బాధ్యత ఎక్కువగా పేసర్ల మీద పడినప్పుడు, వారి రనప్ నిడివి వల్లనే ఓవర్‌రేట్ తగ్గుతుంది.

కాలయాపనలో బంతి పడే అవకాశమే తగ్గిపోతుంది. 1967 ఆగస్టులో ఎడ్జ్‌బాస్టన్‌లో వార్విక్‌షైర్ గెలుపునకు 102 నిమిషాలలో 142 పరుగులు కావాలి. బ్రయన్ క్లోజ్ నాయకత్వంలోని యార్క్‌షైర్ ఆ వ్యవధిలో 24 ఓవర్లే వేసింది. చివరి పావుగంటలో వేసినవి రెండే. వార్విక్‌షైర్ తొమ్మిది పరుగుల దూరంలో నిలిచిపోగా మ్యాచ్ డ్రా అయింది. ఆ వివాదం కారణంగా క్లోజ్ ఇంగ్లండ్ జట్టు కెప్టెన్సీని కోల్పోయాడు. జయసింహ ప్రత్యర్థికి బంతులు ఇచ్చి పరుగులు ఇవ్వలేదు, ఇవ్వనక్కరలేదు. యార్క్‌షైర్ ప్రత్యర్థికి రావలసిన బంతులనే ఇవ్వలేదు. న్యాయాన్యాయాల గీత ఇక్కడే ఉంది.

4. శిక్ష ఎవరికి?:
టెస్టుల్లో గంటకు 15, రోజుకు 90 ఓవర్లు ప్రమాణం. గాయాలు, సమీక్షలు మొదలైన అనివార్య కారణాలతో పోయిన సమయాన్ని అంపైర్లు మినహాయిస్తారు. చాలాకాలం శిక్ష భారం ఎక్కువగా కెప్టెన్ మీద ఉండేది. పదేపదే తప్పు జరిగితే అతడు తరువాతి మ్యాచ్‌కు దూరం కావలసి వచ్చేది. 2019లో అంతర్జాతీయ క్రికెట్ మండలి ఈ నిషేధాన్ని తొలగించి జట్టులోని అందరికీ సమాన జరిమానా విధించింది. టెస్టు చాంపియన్‌షిప్‌లో తగ్గిన ప్రతి ఓవర్‌కూ రెండు పాయింట్ల కోత కూడా పెట్టింది.

ఈ కోత ప్రభావం 2020 డిసెంబరు మెల్‌బోర్న్ టెస్టుతో తెలిసింది. భారత్‌తో ఓడిన ఆ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా రెండు ఓవర్లు వెనకబడి నాలుగు పాయింట్లు పోగొట్టుకుంది. తరువాతి సిడ్నీ టెస్టులో, 2021 జనవరి 11న, తొడ కండరం పట్టేసినా హనుమ విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి నలభైకి పైగా ఓవర్లు ఎదుర్కొని మ్యాచ్‌ను డ్రా చేశాడు. చివరికి ఆస్ట్రేలియా 480 పాయింట్లకు 332 సాధించి 69.2 శాతంతో, 70 శాతం సాధించిన న్యూజిలాండ్ వెనక ఆగిపోయింది. పోయిన నాలుగు పాయింట్లు ఉంటే న్యూజిలాండ్‌తో సమానమై, వికెట్‌కు పరుగుల నిష్పత్తిలో మెరుగ్గా ఉన్నందున ఫైనల్ చేరేది. నిదానంగా ఆడిన విహారి కీర్తి పొందాడు. నిదానంగా బౌలింగ్ చేసిన జట్టు ఫైనల్‌ను పోగొట్టుకుంది.

2023 ఫైనల్‌లో అయిదు ఓవర్లు తగ్గినందుకు భారత ఆటగాళ్లు మొత్తం మ్యాచ్ ఫీజు కోల్పోయారు. వారిలో విశాఖపట్నానికి చెందిన కె.ఎస్. భరత్, హైదరాబాద్‌కు చెందిన సిరాజ్ కూడా ఉన్నారు.

5. విశాఖపట్నం - 2024:
ఐపీఎల్ మాత్రం కెప్టెన్ నిషేధాన్ని అప్పటికీ కొనసాగించింది. అందులో ఇన్నింగ్స్‌కు విరామాలు పోను 85 నిమిషాల గడువు. 2024లో ఢిల్లీ క్యాపిటల్స్ తొలి రెండు సొంత మ్యాచ్‌లను విశాఖపట్నంలో ఆడింది. మార్చి 31న చెన్నైపై గెలిచినా, ఓవర్లు ఆలస్యమైనందుకు కెప్టెన్ రిషభ్ పంత్‌కు 12 లక్షల రూపాయల జరిమానా పడింది. ఏప్రిల్ 3న అదే మైదానంలో కోల్‌కతా 272 పరుగులు చేసిన మ్యాచ్‌లో తప్పు పునరావృతమై జరిమానా 24 లక్షలైంది. ఈసారి సహచరులూ జరిమానా కట్టారు. మే 7న ఢిల్లీలో మూడోసారి ఆలస్యం జరగడంతో 30 లక్షల జరిమానాతోపాటు ఒక మ్యాచ్ నిషేధం విధించారు.

మే 12న బెంగళూరుతో జరిగిన మ్యాచ్‌లో పంత్ లేని ఢిల్లీ 47 పరుగులతో ఓడింది. లీగ్ ముగిసేసరికి ఢిల్లీ, బెంగళూరు సహా నాలుగు జట్లు 14 పాయింట్లతో నిలవగా, నెట్ రన్‌రేట్‌తో బెంగళూరు ముందుకు వెళ్లింది. కెప్టెన్ ఉంటే ఢిల్లీ గెలిచేదని చెప్పడం ఊహ. కానీ గెలిచి ఉంటే 16 పాయింట్లతో ముందుకు వెళ్లేదనడం లెక్క. మూడు తప్పుల్లో రెండు విశాఖలో జరిగాయి, వాటి ఫలితం మరో ఊరిలో, మరో ప్రత్యర్థితో జరిగిన ఆటలో బయటపడింది. ఆలస్యం వల్ల నష్టపోయిన చెన్నై, కోల్‌కతా జట్లకు ఆ నిషేధంతో ఒరిగిందేమీ లేదు. ఈ శిక్షలోని లోపం అదే. 2025 నుంచి ఐపీఎల్ కూడా ఓవర్‌రేట్ కారణంగా కెప్టెన్‌ను మ్యాచ్‌కు దూరం చేసే పద్ధతిని విడిచి డీమెరిట్ పాయింట్లకు మారింది.

6. మైదానంలో గడియారం:
శిక్ష అదే మ్యాచ్‌లో, నష్టపోయిన జట్టుకే మేలు చేసేలా ఉండాలన్న ఆలోచన క్రమంగా బలపడింది. 2022 జనవరి నుంచి అంతర్జాతీయ టీ20లో గడువులోగా చివరి ఓవర్ మొదలుపెట్టని జట్టు ఒక ఫీల్డర్‌ను బౌండరీ దగ్గర నుంచి లోపలి వలయంలోకి పిలవవలసి వస్తోంది. పరిమిత ఓవర్ల అంతర్జాతీయ మ్యాచ్‌లలో 2023 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలై 2024 జూన్‌లో స్థిరపడిన స్టాప్‌క్లాక్ ప్రకారం, ఓవర్ ముగిసిన 60 సెకన్లలో తరువాతి ఓవర్‌కు సిద్ధం కావాలి. రెండు హెచ్చరికల తరువాత అయిదు పరుగుల శిక్ష. 2024 జూన్ 12న న్యూయార్క్‌లో అమెరికాకు ఈ శిక్ష పడింది. అప్పటికి భారత్‌కు 30 బంతుల్లో 35 పరుగులు కావాలి. బంతి పడకుండానే లక్ష్యం 30కి తగ్గింది.

7. ముగింపు:
• బ్యాట్స్‌మన్ ఓపిక, మెయిడెన్ ఓవర్లు ఆటలో భాగం. బంతి పడకుండా చేయడమే కాలయాపన.
• కెప్టెన్‌పై నిషేధం తప్పు జరిగిన మ్యాచ్‌ను వదిలి వేరొక మ్యాచ్ మీద ప్రభావం చూపింది. విశాఖపట్నం ఉదంతం ఇందుకు నిదర్శనం.
• డబ్బు జరిమానా కన్నా పాయింట్ల కోత, దానికన్నా మైదానంలోనే పడే అయిదు పరుగులు న్యాయానికి దగ్గరగా ఉన్నాయి.
• 1744 నియమావళి కాలాన్ని చూసే బాధ్యతను అంపైర్‌కు అప్పగించింది. మధ్యలో అది మ్యాచ్ తరువాతి జరిమానా లెక్కగా మారింది. స్టాప్‌క్లాక్‌తో ఆ బాధ్యత మళ్లీ మైదానానికి చేరింది. ప్రత్యర్థికి రావలసిన బంతి అతనికి అందేలా చూడటమే ఈ నియమాలన్నిటి పరమార్థం.