నేను తిన్నది పప్పన్నం కాదు

పోయిన ఏడు ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుగు పీరియడ్‌లో ఒక పని ఇచ్చిన. "మీ ఇంట్లో మీకు బాగా ఇష్టమైన వంట ఏది? మీ అమ్మ దాన్ని ఎట్లా వండుతుందో రాసుకొని రండి" అన్న. ముప్పై ఒక్క నోటుబుక్కులు వచ్చినయి. పదకొండు మంది పులిహోర రాసిండ్రు. మిగతావాళ్లు పూరీ, గుత్తి వంకాయ, పాయసం, కోడికూర. ఆ తరగతిలో మాదిగవాడ పిల్లలు తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలో ఒక్కరు కూడా వాళ్ల ఇంట్లో నిజంగా వండేది రాయలేదు.

ఒక పిల్ల రాసిన పులిహోరలో జీడిపప్పు ఉంది. ఆ పిల్ల ఇల్లు నాకు తెలుసు. తల్లి పత్తి ఏరబోతుంది. తండ్రి హైదరాబాదులో కట్టుబడి పనికి పోయి నెలకోసారి వస్తడు.

"ఇది ఎవరు చెప్పిండ్రు బిడ్డా?" అని అడిగిన.

"ఫోన్ల చూసిన సార్" అని తల వంచుకుంది.

ఇంకేం అడగలేకపోయిన. ఆ అబద్ధం నాకు పాతదే. ముప్పై ఏండ్ల కింద నేను కూడా అదే ఆడిన.

1996లో నేను ఐదో తరగతి. పాలమూరు జిల్లాలో ఒక ఊరి బడి. ఒకరోజు సారు ఆరోగ్యం పాఠం చెప్పుతూ ఒక్కొక్కరినీ లేపి "పొద్దున ఏం తిన్నవ్?" అని అడుగుతున్నడు. ఆ పొద్దున నేను జొన్న గటకలో పుంటికూర, తునకలు కలుపుకొని కడుపునిండా తిన్న. నా వంతు వచ్చేసరికి లేచి "పప్పన్నం సార్" అన్న. పక్కన కూర్చున్న పిలగాడు నా చెయ్యి పట్టుకొని వాసన చూసి "పెద్దకూర వాసనొస్తుంది సార్" అన్నడు. తరగతంతా నవ్వింది. సారు కూడా నవ్విండు. కొట్టి ఉంటే మరిచిపోతుంటినేమో. ఆయన నవ్విండు. ఆ రోజు నుంచి బడికి పోయే ముందు బూడిదతో చేతులు రుద్దుకొని కడుక్కోవడం అలవాటైంది. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో కూడా చేతులు వాసన చూసుకునేది.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. అదే నేను ఇప్పుడు పిల్లల ముందర నిలబడి "నిజం రాయండి" అని చెప్పాలంటే ముందు నా నిజం నేను రాయాలె. రాద్దామని కూర్చుంటే సిగ్గయింది. ముప్పై ఏండ్లు తిన్న గటకను ఎట్లా వండుతరో నాకు తెలియదు. ఇంటికి మొగపిల్లవాణ్ణి గదా, తినడం వచ్చు, వండడం రాదు. ఆదివారం నోటుబుక్కు పట్టుకొని మా ఊరికి, అమ్మ దగ్గరికి పోయిన.

"గటక గూడ రాసుకునేదేనారా? నలుగుట్ల నవ్వుతరు" అన్నది అమ్మ. చాలాసేపు బతిమాలితే చెప్పింది.

జొన్నలను కొంచెం నీళ్లు చల్లి దంచాలె. పొట్టు పోయేదాక చాటతో చెరగాలె. ఆరినంక ఇసుర్రాయిలో పోసి బరకగా విసరాలె. జల్లిస్తే పైన రవ్వ నిలుస్తది, కింద పిండి పడతది. ఎసరు మసిలినంక ఉప్పేసి, ముందు రవ్వ పోయాలె. రవ్వ సగం ఉడికినంక పిండిని చన్నీళ్లలో కలిపి పోసి, ఉండలు కట్టకుండ తెడ్డుతో కలపాలె. మంట తీసి నిప్పుల మీద మగ్గనియ్యాలె. సల్లతో తినొచ్చు, పచ్చిపులుసుతో తినొచ్చు. ఏం లేకుంటే ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ.

"ఎసరు ఎంత పెట్టాలె?" అని అడిగిన. నోటుబుక్కులో లెక్క కావాలె గదా.

"ఇంట్ల ఎంతమంది ఉంటే అంత" అన్నది.

నాకు అర్థం కాలేదు. మళ్లీ విడమరిచి చెప్పింది. సోలెడు రవ్వకు నాలుగు సోలల నీళ్లు పోస్తే గటక. ఇంటికి చుట్టం వస్తే ఆరు సోలలు. గింజలు అడుగంటిన నెలల్లో ఎనిమిది సోలలు, పది సోలలు. అప్పుడది గటక కాదు, తాగే జావ. అదే పిండి కలిపిన నీళ్లు రాత్రి పులియబెట్టి, పొద్దున మసిలే ఎసట్లో పోసి కాస్తే అంబలి. రవ్వ పెరగదు. నీళ్లే పెరుగుతయి.

ఇది వంటల పుస్తకాల్లో ఉండే కొలత కాదు. దీని వెనుక మా తాత జీతం ఉంది. మా తాత ఒక పెద్ద రైతు దగ్గర జీతగాడు. ఏడాదికింత అని జొన్నలు కొలిచేవాళ్లు. అప్పు ముదిరితే అందులోంచి పట్టుకునేవాళ్లు. 1976లో వెట్టిచాకిరిని రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం మా తాత దాక నడిచి రావడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. అన్ని ఏండ్లూ మా అవ్వ కుండలో ఎసరు ఎంత అనేది ఆ ఇంటి లెక్కల పుస్తకమే నిర్ణయించింది. గటక పలచనైన ప్రతి రోజు వెనుకా ఒక అప్పు లెక్క ఉంది. మా చరిత్ర శాసనాల్లో లేదు. వెతికితే కుండల్లో దొరుకుతది.

తర్వాత తునకలు. మాంసాన్ని సన్నగా, పొడుగ్గా కోసి ఉప్పు, పసుపు పట్టించి దండేనికి వేలాడేయాలె. కాకులను కొడుతూ మూడు నాలుగు రోజులు ఎండనిస్తే కట్టె లెక్క అయితది. కుండలో దాచుకుంటే వానకాలమంతా వస్తది. వండే రోజు నాలుగు తునకలు నిప్పుల మీద కాల్చి, వేడినీళ్లతో కడిగి, రోట్లో దంచి, మెత్తగా ఉడకబెట్టాలె. పుంటికూరో, చింతచిగురో వేసి, ఎల్లిగడ్డ, కారం కలిపి దించాలె. నూనె అక్కర్లేదు. కూరలో ఉన్న కొవ్వే నూనె. నూనె కొనే పైసలు లేని ఇల్లు కాబట్టి నూనె అక్కర్లేని వంట పుట్టింది.

ఎండబెట్టడం ఎందుకు? ఊళ్లో గొడ్డు ఎప్పుడు చస్తుందో ఎవరికీ తెలియదు. చస్తే ఎత్తుకుపోవడం మాదిగల పని. తోలు మోటబావికి బొక్కెన అయింది, రైతు కాలికి చెప్పు అయింది, మా చేతికి డప్పు అయింది. మాంసం ఒక్కటే ఎవరికీ అక్కర్లేక మాకు మిగిలింది. ఆ మాంసాన్ని వాడలో పోగులు పెట్టి పంచుకునేవాళ్లు. మొగదిక్కు లేని ముసలిదానికి కూడా ఒక పోగు ఉండేది. ఒక్కరోజులో తినలేనిది ఎండకు ఆరింది. నా చిన్నప్పటికి చచ్చినదాన్ని తినడం మా వాడ మానేసింది. వారం అంగట్లో కోసిన కూర కొనుక్కుంటుంటిమి. ఎండబెట్టే పని మాత్రం పోలేదు.

ఇక్కడ నాతో నాకే ఒక పేచీ ఉంది. 1927లో మహద్‌లో అంబేద్కర్ మన జనానికి చెప్పింది, చచ్చిన గొడ్డు మాంసం వదిలిపెట్టమని. అదే అంబేద్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో, ఒకప్పుడు బ్రాహ్మణులు కూడా గోమాంసం తిన్నరనీ, వాళ్లు మానేసినంక కూడా తినక తప్పని ఓడిన మనుషుల మీద అంటరానితనం పడిందనీ వాదించిండు. రెండింటినీ కలిపి చదవాలె. మొదటిది ఆత్మగౌరవం. రెండోది ఆ అవమానం ఎట్లా పుట్టిందో చెప్పే చరిత్ర. తునకలు మా సంస్కృతి అని నేను గొప్పలు పోతే, మా తాత మీద మోపిన బరువును మరిచినట్టే. తునకలు నీచం అని వదిలేస్తే, నవ్విన ఆ సారు గెలిచినట్టే. దొరికింది మా ఇష్టం కాదు. దొరికినదాన్ని రుచిగా చేసింది మాత్రం మా అవ్వలు, అమ్మలు. ఆ పనితనం ఎవరూ దానం ఇచ్చింది కాదు.

మరాఠ్వాడాకు చెందిన షాహూ పాటోళే 2015లో మరాఠీలో 'అన్న హే అపూర్ణబ్రహ్మ' అనే పుస్తకం రాసిండు. మహార్, మాంగ్ కులాల వంటలు, ఆ వంటల చరిత్ర అందులో ఉన్నయి. అన్నం పూర్ణబ్రహ్మ అన్న నానుడిని ఆయన పేరులోనే తిరగేసిండు. అక్కడ కూడా ఎండబెట్టిన మాంసమే, నూనె లేని కూరలే. మరాఠ్వాడా, పాలమూరు రెండూ 1948 దాక నిజాం రాజ్యంలోవే. భాష వేరైనా దండేనికి వేలాడింది ఒక్కటే.

మళ్లీ గటక సంగతికి వస్త. 1983లో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పెట్టింది. అంతకు ముందు వరి అన్నం మా ఇంట్లో పండుగనాటి మాట. "కంట్రోలు బియ్యం వచ్చినంక గదా నేను తెల్లారేదాక పన్నది" అంటది అమ్మ. కోడికూతకు ముందే లేచి ఇసుర్రాయి తిప్పి తిప్పి ఆమె అరచేతులు కాయలు కాసినయి. ఆ కాయలు ఇప్పటికీ ఉన్నయి. అందుకే ఎవరైనా "మీ పాతతిండి ఎంత బలమో, ఎందుకు వదిలిపెట్టిండ్రు?" అంటే నాకు కోపం వస్తది. వదిలిపెట్టడం మా అమ్మకు నిద్ర దొరకడం. అట్లని అంతా లాభమేనా అంటే కాదు. వరికే నీళ్లు, వరికే ధర, కంట్రోలులో వరి బియ్యమే. మా చెల్కల్లో జొన్న తగ్గింది, గింజ మీద మా అమ్మలకున్న తెలివి కూడా తగ్గింది.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నంలో జొన్నరొట్టె ఇప్పుడు ఆరోగ్యం. మంచిదే. కానీ ఆ గింజను ఎవరు కాపాడిండ్రో కూడా చెప్పాలె గదా. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులే, జొన్న, కొర్ర, సామ విత్తనాలను ఇండ్లల్లో దాచి పంచుకుంటూ వచ్చిండ్రు. 2019లో ఆ సంఘాలకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. గటక తిన్నందుకు నవ్వినవాళ్లే గటక కొనుక్కుంటున్న రోజుల్లో, ఈ పేర్లు మన పిల్లలకు పాఠంగా చెప్పాలె.

సోమవారం నాడు బోర్డు మీద రాసిన: "నాకు ఇష్టమైన వంట: జొన్న గటక, పుంటికూర తునకలు." ఎసరు లెక్కతో సహా మొత్తం రాసిన. 1996 నాటి అబద్ధం కూడా చెప్పిన. వెనుక బెంచీలో ఒకరిద్దరు కిసుక్కుమన్నరు. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి ఒక పిలగాడు లేచి "సార్, మా ఇంట్ల పుంటికూర కాదు, చింతచిగురే ఏస్తరు" అన్నడు. ఆ మాట కోసమే నేను ముప్పై ఏండ్లు ఆగినట్టు అనిపించింది.

సాయంత్రానికి ఊళ్లోంచి హెడ్‌మాస్టరుకు ఫోను వచ్చింది, బడిలో ఈ పాఠాలేందని. ఆయన చెడ్డమనిషి కాదు. "ఎందుకు సార్ లొల్లి, సిలబస్ చూసుకోండి" అన్నడు. "వంట విధానం రాయడం సిలబస్‌లోనే ఉంది సార్. ఎవరి వంటనో అందులో రాసి లేదు" అన్న. ఆయన ఏం మాట్లాడలేదు. ఇంకెన్నిసార్లు ఫోను వస్తదో తెలియదు.

వారం తర్వాత ఆ పిల్ల నోటుబుక్కు మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది. పులిహోరను కొట్టెయ్యలేదు. దాని కింద ఒక గీత గీసి ఇట్లా రాసింది: "మా ఇంట్ల అంబలి. అమ్మ పొద్దుగాల్నే కాసి, ఉల్లిగడ్డ కోసి పెట్టి, మూతేసి పనికి పోతది. నేను బడి నుంచి వచ్చినంక తాగుత. సల్లగ ఉంటది."

ఎర్రపెన్ను తీసి "పోతది"ని "పోతుంది" అని దిద్దబోయిన. చెయ్యి ఆగింది. కింద సంతకం పెట్టి ఇచ్చిన.