సున్నాతో భాగించిన తరువాత: ఫ్లోటింగ్ పాయింట్ మినహాయింపులు – చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

లినక్స్ నడిచే సాధారణ ఇంటెల్ కంప్యూటర్‌లో, సి భాషలో రాసిన ప్రోగ్రామ్ ఒక పూర్ణాంకాన్ని సున్నాతో భాగిస్తే అక్కడికక్కడే ఆగిపోతుంది. తెరపై ‘ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్’ అన్న సందేశం కనిపిస్తుంది. అదే ప్రోగ్రామ్ 1.0ని 0.0తో భాగిస్తే ఏ సందేశమూ రాదు. అనంతం అనే విలువ ఫలితంగా వస్తుంది, గణన సాగిపోతుంది. అంటే శిక్ష పూర్ణాంకాలకు, సందేశంలో పేరు మాత్రం ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలకు. రెండు వేర్వేరు కాలాల నిర్ణయాలు ఒకే యంత్రంలో పక్కపక్కన మిగిలిపోవడమే ఈ వింతకు కారణం. ఆ నిర్ణయాల చరిత్రను, రెండవ నిర్ణయంలో సగభాగం మరుగున పడిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. ఆపివేయడం నుండి కొనసాగించడం వరకు

1970ల దశకంలో పీడీపీ-11 యంత్రంపై ఎదిగిన యూనిక్స్, అంకగణిత మినహాయింపుకు 8వ సంఖ్య గల సంకేతాన్ని కేటాయించింది. దాని పేరు సిగ్‌ఎఫ్‌పీఈ. దాన్ని అందుకునే ఏర్పాటు ప్రోగ్రామ్‌లో లేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ప్రోగ్రామ్‌ను ముగించి, దాని జ్ఞాపక చిత్రాన్ని ఒక ఫైలుగా వదులుతుంది. ఆనాటికి అది సబబైన పద్ధతే. ఒక్కొక్క తయారీదారుది ఒక్కొక్క అంకగణితం. వ్యాక్స్ వంటి పేరున్న యంత్రంలోనూ అనంతాన్ని సూచించే సంఖ్యారూపం లేదు. చెప్పడానికి సరైన విలువ లేనప్పుడు ఆగిపోవడమే నిజాయితీ.

ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1977లో మొదలైన ప్రయత్నం 1985లో ఐఈఈఈ 754 ప్రమాణంగా ఆమోదం పొందింది. దానికి ఆధారమైన ముసాయిదాను బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం కహాన్, జెరోమ్ కూనెన్, హెరాల్డ్ స్టోన్‌లతో కలిసి రూపొందించాడు. ప్రమాణం ఆమోదం పొందక ముందే, 1980లో వచ్చిన ఇంటెల్ 8087 చిప్ ఆ భావాలను చాలావరకు అమలులో పెట్టింది.

ప్రమాణం ఐదు సందర్భాలను గుర్తించింది: చెల్లని క్రియ, సున్నాతో భాగహారం, పరిమితిని మించిన ఫలితం, మరీ సూక్ష్మమైన ఫలితం, కచ్చితం కాని ఫలితం. వీటిని ‘దోషాలు’ అనక ‘మినహాయింపులు’ అన్నది. తెలుగులో రెంటినీ ‘దోషం’ అనేయడం వల్ల అసలు భేదమే చెరిగిపోతుందని నా అభిప్రాయం. ప్రోగ్రామ్ వేరుగా కోరకపోతే ప్రతి సందర్భంలోనూ రెండు పనులు జరగాలి. ఒకటి, నిర్ణీతమైన విలువను ఇచ్చి గణనను కొనసాగించడం. రెండు, ఆ సంగతిని తెలిపే జెండాను ఎత్తడం. ప్రోగ్రామ్ స్వయంగా దించేవరకు ఆ జెండా దిగదు.

కొనసాగించడంలోని ఔచిత్యం ఒక చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. సమాంతరంగా కలిపిన రెండు విద్యుత్ నిరోధాల మొత్తాన్ని కనుక్కోవాలంటే వాటి విలోమాలను కూడి, ఆ మొత్తానికి మళ్ళీ విలోమం తీస్తాం. ఒక నిరోధం సున్నా అయితే దాని విలోమం అనంతం, కూడినా అనంతమే, దాని విలోమం సున్నా. భౌతికశాస్త్రం చెప్పే జవాబూ అదే. ఇక్కడ ఆగిపోవడమే పొరపాటు.

3. ఏరియాన్ 5

ఆపివేయడం ఎంత ఖరీదైనదో 1996 జూన్ 4న రుజువైంది. ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుండి తొలిసారి ఎగిరిన ఏరియాన్ 5 రాకెట్‌లో, 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ విలువ ఒకటి 16 బిట్ల పూర్ణాంకంలో, అంటే 32767 గరిష్ఠ పరిమితిలో, ఇమడలేదు. మినహాయింపు తలెత్తితే ప్రాసెసర్‌ను ఆపివేయాలన్నది అక్కడి ఏర్పాటు. అదే సాఫ్ట్‌వేర్‌తో నడిచే రెండు దిక్సూచక కంప్యూటర్లూ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. వాటిలోని ఒకటి పంపిన లోప సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ ప్రయాణ సమాచారంగా పొరబడింది. సుమారు 39 సెకన్లకు రాకెట్ ధ్వంసమైంది. ఆ గణన రాకెట్ నేల విడిచాక దేనికీ అక్కరలేనిది కావడం ఇందులోని విషాదం. ఏరియాన్ 4 నుండి యథాతథంగా తెచ్చుకున్నది అది. జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన విచారించిన సంఘం, ప్రాసెసర్‌ను ఆపివేయాలన్న నిర్ణయాన్నే ప్రాణాంతకంగా గుర్తించింది. కొనసాగి ఉంటే? పూర్ణాంకంలో అనంతానికి చోటు లేదు గనుక ఏదో ఒక తప్పు విలువ వచ్చేది, కానీ దాన్ని వాడేవారెవరూ లేరు.

అయితే కొనసాగడమూ నిరపాయం కాదు. ‘సంఖ్య కానిది’ అన్న అర్థంలో ‘నాన్’ అనే విలువ గణనలో ప్రవేశించాక, అది హద్దు మించిందా అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ‘లేదు’ అనే. హెచ్చరిక గంట మోగదు.

4. చదివేవారు లేని జెండాలు

ఈ అపాయానికి విరుగుడుగానే ప్రమాణం జెండాలను పెట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్‌లు, భాషలు మాత్రం మొదటి సగాన్ని తీసుకుని రెండవ సగాన్ని వదిలేశాయి. 64 బిట్ల ఇంటెల్ తరహా యంత్రాలపై లినక్స్, విండోస్ రెండూ కొత్త ప్రోగ్రామ్‌కు మినహాయింపులన్నిటినీ కప్పివుంచిన నియంత్రణ రిజిస్టర్‌నే అప్పగిస్తాయి. పాత ఎక్స్87 విభాగంలో గణన సూక్ష్మతపై విభేదించే ఈ రెండు వ్యవస్థలు, మౌనం విషయంలో ఏకీభవించాయి. బోర్లాండ్ డెల్ఫీ చాలాకాలం ఎదురీదింది. అందులో సున్నాతో భాగహారం ప్రోగ్రామ్‌ను ఆపేది. కానీ మౌనానికి అలవాటుపడిన ఇతరుల లైబ్రరీలతో కలిసినప్పుడు చిక్కులు తప్పలేదు. 2023లో వచ్చిన 12వ రూపంలో డెల్ఫీ కూడా కప్పివుంచే పద్ధతికి మారింది.

జెండాలను చదివే ప్రామాణిక మార్గం సి భాషకు 1999లో గాని రాలేదు, అంటే ప్రమాణం వచ్చిన 14 ఏళ్లకు. జావా అసలు ఇవ్వనేలేదు. ఫోర్ట్రాన్ 2003 ప్రమాణం ఒక్కటి భిన్నంగా ఆలోచించింది: ‘స్టాప్’ ఆజ్ఞతో ప్రోగ్రామ్ ముగిసే వేళ ఎత్తి ఉన్న జెండాలుంటే హెచ్చరించాలని నియమం పెట్టింది. మిగిలిన ప్రోగ్రామ్‌లలో ప్రాసెసర్ ఇప్పటికీ జెండాలను ఎత్తుతూనే ఉంది. ప్రోగ్రామ్ ముగియగానే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ రిజిస్టర్‌ను చదవకుండానే తుడిచి, మరొక ప్రోగ్రామ్‌కు ఇస్తుంది.